రక్తం నడిచే దారిని చూసిన హకీం ఇబ్నె నఫీస్

యునానీ వైద్యం చదివిన హకీములకు ‘మూజజ్’ అనే పేరు కొత్త కాదు. ఇబ్నె సీనా రచించిన బృహద్గ్రంథం ‘అల్ ఖానూన్’కు అది సంక్షిప్త రూపం. దాని మీద పదిహేనో శతాబ్దంలో కిర్మాన్‌కు చెందిన నఫీస్ బిన్ ఇవజ్ అనే పండితుడు వ్యాఖ్యానం రాశారు. ‘నఫీసీ’ పేరుతో మన దేశంలోని తిబ్బీ మదర్సాలలో తరతరాల విద్యార్థులు చదువుకున్నది ఆ వ్యాఖ్యానాన్నే. పేర్లు కలవడం వల్ల ఇద్దరూ ఒకరే అనుకునేవారున్నారు, కాని కాదు. మూజజ్‌ను రచించిన ఇబ్నె నఫీస్ వ్యాఖ్యాతకు దాదాపు రెండు వందల ఏళ్ళు ముందువారు. తమాషా ఏమిటంటే, మన హకీములు భక్తితో చదువుకున్న ఆ మూజజ్‌లో ఆయన చేసిన అసలు ఆవిష్కరణ లేదు. శరీర నిర్మాణం గురించిన భాగాన్ని ఆయన అందులో వదిలేశారు. ఆ సంగతి వేరే పుస్తకంలో ఉండి, ఆరు వందల ఏళ్ళకు పైగా అల్మరాలలో నిద్రపోయింది.

ఆయన పూర్తి పేరు అలావుద్దీన్ అబుల్ హసన్ అలీ ఇబ్నె అబీ హజ్మ్ అల్ ఖర్షీ. పదమూడో శతాబ్దపు తొలి ఏళ్ళలో, దాదాపు 1210 ప్రాంతంలో, డమాస్కస్ పరిసరాలలో జన్మించారు. డమాస్కస్‌లో అప్పటికే నూరుద్దీన్ జంగీ కట్టించిన నూరీ ఆసుపత్రి పేరు మోసింది. వైద్యం నేర్చుకోవాలనుకునే యువకులు అక్కడ రోగుల మంచాల పక్కన నిలబడి గురువు వెంట తిరిగేవారు. సాయంత్రం గ్రంథాలు ముందు పెట్టుకుని చర్చించేవారు.

అక్కడి ప్రధాన వైద్యులు ముహజ్జబుద్దీన్ దఖ్వార్ దగ్గర ఇబ్నె నఫీస్ విద్యాభ్యాసం సాగింది. ఈ గురువు గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకు పోలేము. జీవితం చివరి ఏళ్ళలో దఖ్వార్ నాలుక మొద్దుబారింది. మాట్లాడితే ఎవరికీ సరిగా అర్థమయ్యేది కాదు. అయినా పాఠం ఆపలేదు. శిష్యులు ఆయన ముందు కూర్చుని చర్చించుకునేవారు. చిక్కు ప్రశ్న ఎదురైతే ఆయన పలక మీద రాసి చూపేవారు. తన ఇంటినే వైద్య పాఠశాలకు వఖ్ఫ్ చేసి 1230లో కన్నుమూశారు. ఆ నాలుకను కట్టేసిన జబ్బు ఏమిటో ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత నిర్ధారించడం ఎవరి తరం కాదు. ఇలాంటి రోగి నేడు ఆసుపత్రికి వస్తే మాత్రం డాక్టరు మొదట అనుమానించేది మెదడు రక్తనాళాలనే.

1236 ప్రాంతంలో ఇబ్నె నఫీస్ కైరో చేరారు. మిగిలిన జీవితమంతా అక్కడే గడిచింది. అది అల్లకల్లోలపు కాలం. 1258లో మంగోలులు బగ్దాదును నేలమట్టం చేశారు. రెండేళ్ళకు ఐన్ జాలూత్ దగ్గర మమ్లూకులు వారిని నిలువరించారు. ఆ యుద్ధంలో పేరు తెచ్చుకుని, తర్వాత సుల్తాను అయిన బైబర్స్‌కు ఇబ్నె నఫీస్ సొంత వైద్యుడయ్యారు. ఈజిప్టు వైద్యులకు ప్రధాన అధికారి హోదా కూడా దక్కింది.

ఆయన్ని వైద్యుడిగా మాత్రమే చూస్తే సగమే చూసినట్టు. షాఫయీ ఫిఖహ్‌లో ఆరితేరిన పండితుడు. కైరోలోని మస్రూరియా మదర్సాలో ధర్మశాస్త్రం బోధించారు. హదీసు శాస్త్ర సూత్రాల మీద గ్రంథం రాశారు. దైవప్రవక్త (స) జీవితాన్ని ఆధారం చేసుకుని, నిర్జన ద్వీపంలో ఒంటరిగా పెరిగిన ఒక మనిషి బుద్ధితో ఆలోచించి సత్యాన్ని చేరుకునే కథనూ రచించారు. ధర్మం చదివినవాడు విజ్ఞానానికి దూరమనీ, విజ్ఞానం చదివినవాడు ధర్మానికి దూరమనీ మన పిల్లలకు ఎవరు నేర్పారో గాని, ఇబ్నె నఫీస్‌కు మాత్రం ఆ సంగతి తెలియదు. పెళ్ళి చేసుకోలేదు. చదువే సంసారం.

ఆయన రాసే తీరు గురించి చరిత్రకారులు ముచ్చటగా చెప్పారు. కలాలు చెక్కి పక్కన పేర్చి ఉంచేవారట. ఆయన గోడ వైపు తిరిగి కూర్చుని, ఏ పుస్తకమూ తిరగేయకుండా, జ్ఞాపకం నుంచే వరద వచ్చినట్టు రాసుకుపోయేవారు. కలం మొద్దుబారితే చెక్కుతూ కూర్చోవడం ఎందుకని అవతల పారేసి ఇంకొకటి అందుకునేవారు. ఒకసారి హమామ్‌లో స్నానం మధ్యలో లేచి బయటి గదిలోకి వచ్చి, కాగితం, కలం, సిరా తెప్పించుకుని, నాడి గురించిన ఒక చిన్న గ్రంథం పూర్తి చేసి, మళ్ళీ లోపలికి వెళ్ళి స్నానం ముగించారట. ‘అష్షామిల్’ అనే వైద్య విజ్ఞాన కోశాన్ని మూడు వందల సంపుటాలుగా తలపెట్టారు. ఎనభై దాకా శుద్ధప్రతి అయ్యాయి.

ఇక అసలు విషయం. 1242 నాటికే, అంటే ముప్ఫై ఏళ్ళ ప్రాయంలోనే, ‘అల్ ఖానూన్’లోని శరీర నిర్మాణ భాగాలకు ఆయన ఒక వ్యాఖ్యానం రాశారు. ఆయన చేసిన సాహసం అర్థం కావాలంటే, ఆనాడు లోకమంతా నమ్మిన సిద్ధాంతం కొంచెం తెలియాలి. అది రెండో శతాబ్దపు గ్రీకు వైద్యుడు జాలినూస్ చెప్పింది. ఆయన్నే యూరపువారు గాలెన్ అంటారు. ఆయన లెక్క ప్రకారం రక్తం కాలేయంలో పుడుతుంది. గుండె కుడి గదికి చేరి, రెండు గదుల మధ్య గోడలోని కంటికి కనిపించని రంధ్రాల గుండా ఎడమ గదిలోకి ఊరుతుంది. అక్కడ గాలితో కలిసి ప్రాణశక్తి అవుతుంది. ఆ ప్రాణశక్తి మెడ ధమనుల గుండా పైకెక్కి, మెదడు అడుగున ఉన్న ఒక అద్భుతమైన రక్తనాళాల వలలో వడకట్టుకుని, ఆలోచనకూ కదలికకూ మూలమైన మరో శక్తిగా మారుతుంది. ఇబ్నె సీనా అంతటి మహానుభావుడు కూడా ఈ రెండింటినీ, గుండె గోడలోని దారినీ మెదడు కింది వలనూ, తన గ్రంథంలో ఉంచారు.

ఇబ్నె నఫీస్ ఇందులో మొదటి దాన్ని కొట్టిపారేశారు. గుండె గదుల మధ్య గోడ దళసరిగా, గట్టిగా ఉంది, అందులో కనిపించే రంధ్రం లేదు, కనిపించని రంధ్రమూ లేదు అని తేల్చారు. కుడి గదిలోని రక్తం ఎడమ గదికి చేరాలంటే ఒకటే మార్గం, ఊపిరితిత్తులు. రక్తం అక్కడికి వెళ్ళి, గాలితో కలిసి, వేరే నాళం గుండా ఎడమ గదికి తిరిగి రావాలి. ఊపిరితిత్తులలో ఆ రెండు నాళాల నడుమ సన్నని మార్గాలు ఉండి తీరాలని కూడా ఊహించారు. సూక్ష్మదర్శిని పట్టుకుని మాల్పీగీ కప్ప ఊపిరితిత్తిలో ఆ సన్నని నాళాలను కళ్ళారా చూసింది 1661లో. అంటే నాలుగు శతాబ్దాల తర్వాత.

ఇంకొక మాట కూడా అందులోనే ఉంది. గుండె తన గదుల్లో నిండి ఉన్న రక్తంతో పోషణ పొందుతుందని అంతకుముందు అనుకునేవారు. కాదు, గుండె కండరంలోకి చొచ్చుకుపోయే సొంత నాళాల ద్వారానే దానికి పోషణ అందుతుందని ఆయన చెప్పారు. ఎదురుగా రక్తపు చెరువు ఉన్నా కాలువ లేనిదే పొలం తడవదు. నాకు ఆయన మాటలన్నిటిలోకి ఇదే గొప్పగా తోస్తుంది. ఎందుకో ముందు తెలుస్తుంది.

మనవాళ్ళు కొందరు ఉత్సాహం కొద్దీ, రక్త ప్రసరణ మొత్తాన్నీ ఇబ్నె నఫీసే కనిపెట్టారనీ యూరపువారు దొంగిలించారనీ ఉపన్యాసాలు ఇస్తుంటారు. ఇది సరికాదు. ఆయన చెప్పింది గుండెకూ ఊపిరితిత్తులకూ మధ్య జరిగే ప్రసరణ. శరీరమంతా తిరిగే ప్రసరణను 1628లో నిరూపించినవారు ఇంగ్లండుకు చెందిన హార్వే. ఇబ్నె నఫీస్ రచనలు కొన్ని 1547లో వెనిస్‌లో లాటిన్‌లో అచ్చయిన మాట నిజమే. ఆయన సిద్ధాంతం అలా యూరపు పండితులకు చేరిందా అన్నది నేటికీ తేలలేదు. ఉన్న గొప్పతనం చాలినంత ఉన్నప్పుడు లేనిది తగిలించడం దేనికి?

మరి రెండోదైన మెదడు కింది వల సంగతేమిటి? అది కూలడానికి మరికొంత కాలం పట్టింది. 1521లో ఇటలీకి చెందిన బెరెంగారియో మానవ దేహాలను కోసి ఎంత వెతికినా ఆ వల కనబడలేదని రాశారు. 1543లో వెసాలియస్ అది మనిషిలో లేనే లేదని తేల్చేశారు. అలాగని జాలినూస్ దాన్ని గాలిలోంచి కల్పించలేదు. ఆయన కోసి చూసినవి పశువులు. గొర్రె, మేక, ఎద్దు తలలలో పుర్రె అడుగున ఆ వల నిజంగానే ఉంటుంది. మెదడుకు పోయే రక్తాన్ని చల్లబరచడానికి అది పనికొస్తుంది. బక్రీదునాడు మన ముంగిట్లో ఖుర్బానీ అయిన మేక తలలోనూ ఉన్నదే అది. మేకలో ఉన్నది మనిషిలోనూ ఉంటుందని అనుకోవడం వల్ల, అంత పెద్ద పండితులు పదమూడు వందల ఏళ్ళు లేని వలను నమ్మారు.

మనిషి మెదడు కింద వల లేదు గాని, ఒక వలయం ఉంది. మెడ ముందు వైపు నుంచి రెండు, వెన్నుపూసల గుండా రెండు, మొత్తం నాలుగు ధమనులు పుర్రెలోకి ఎక్కుతాయి. మెదడు అడుగున ఒకదానితో ఒకటి కలిసి ఉంగరంలా ముడిపడతాయి. ఆక్స్‌ఫర్డులో థామస్ విల్లిస్ 1664లో దీన్ని స్పష్టంగా వర్ణించారు, అందుకే విల్లిస్ వలయం అంటారు. ఆయన ఒక వింత చూశారు. కడుపులో గడ్డతో చనిపోయిన ఒక మనిషిని కోసినప్పుడు కుడి మెడ ధమని దాదాపు పూర్తిగా పూడుకుపోయి ఉంది. అయినా బతికుండగా అతడికి పక్షవాతం రాలేదు. అదే వైపు వెన్నుపూస ధమని మాత్రం బాగా లావెక్కి ఉంది. రక్తం చుట్టుదారిన వచ్చి మెదడును కాపాడిందన్నమాట.

కాటారం చౌరస్తాలో నిలబడినవారికి ఇది వివరించనక్కర్లేదు. ఒక దారి భూపాలపల్లికి, ఒకటి మంథనికి, ఒకటి మహదేవపూర్ మీదుగా కాళేశ్వరానికి. ఒకవైపు లారీ అడ్డం పడితే, దూరమైనా సరే, ఇంకోవైపు నుంచి సరుకు వస్తుంది. చౌరస్తా ఎండిపోదు. కాని అడవి లోపలి గూడేనికి ఉన్నది ఒకటే బండిబాట అనుకోండి. వానాకాలం వాగు పొంగి ఆ బాట తెగితే గూడెం ఒంటరిదైపోతుంది. చౌరస్తా హోటల్లో చాయ్ తాగుతున్నవారికి ఆ సంగతే తెలియదు.

మెదడులో కూడా సరిగ్గా ఇదే ఏర్పాటు. విల్లిస్ వలయం చౌరస్తా. దాని నుంచీ, దాని పెద్ద కొమ్మల నుంచీ వెంట్రుకల్లాంటి సన్నని ధమనులు నిట్టనిలువుగా మెదడు లోతుల్లోకి దిగుతాయి. ఒక్కొక్కటీ తన చిన్న ముక్కను తానే తడుపుతుంది. పక్కదానితో పనికొచ్చే కలయిక ఉండదు. పైగా పెద్ద ధమనిలోని ఒత్తిడి అంతా మెత్తబడకుండా నేరుగా వాటి మీద పడుతుంది. ఏళ్ళ తరబడి బీపీ ఎక్కువగా ఉంటే వాటి గోడలు దళసరెక్కి, దారి ఇరుకై, ఒకనాడు మూసుకుపోతాయి. అది తడిపే ముక్క, జొన్నగింజంతో శనగగింజంతో, చచ్చిపోయి అక్కడ చిన్న గుంత మిగులుతుంది. ఫ్రెంచి వైద్యులు 1838 నుంచే ఈ గుంతలను శవపరీక్షలలో చూసి లాక్యూన్లు అని పేరు పెట్టారు. అవి సన్నని ధమనులు మూసుకుపోవడం వల్లే పడతాయని వివరంగా చూపినవారు 1960ల కాలంలో కెనడాకు చెందిన మిల్లర్ ఫిషర్.

గుంత పడిన చోటు కాలుచేతుల నరాల దారిలో ఉంటే ఆ రోజే ఫాలిజ్ కనిపిస్తుంది. ఇల్లంతా పరుగెడుతుంది, బండి మాట్లాడుకుని వరంగల్లుకు తీసుకుపోతారు. కాని చాలా గుంతలు అలాంటి చోట పడవు. నొప్పి ఉండదు. మూతి వంకర పోదు. మనిషికీ తెలియదు, ఇంట్లోవారికీ తెలియదు. వైద్యులు దీన్ని చడీచప్పుడు లేని దెబ్బ అంటారు. అలాంటివి ఒకటి, రెండు, అయిదు చేరాక దాదాజీ అడుగులు చిన్నవవుతాయి. లెక్కలు తేల్చడానికి ఎక్కువసేపు పడుతుంది. మూత్రానికి ఆపుకోలేరు. ఎప్పుడూ నవ్వే మనిషి ముభావంగా కూర్చుంటారు. నమాజులో ఎన్ని రకాతులయ్యాయో తడబడతారు. మనం వయసు మీద పడిందని సరిపెట్టుకుంటాం. వయసు పాత్ర ఉన్నమాట నిజమే. మతిమరుపుకు వేరే కారణాలూ ఉంటాయి. కాని అన్నీ వయసు ఖాతాలో రాసేస్తే, ఆపగలిగిన నష్టాన్ని కూడా ఆపకుండా వదిలేసినట్టవుతుంది.

నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో 60 నుంచి 90 ఏళ్ళ మధ్య వయసున్న వెయ్యిమందికి పైగా సాధారణ ప్రజలకు ఎమ్మారై తీసి చూశారు. ప్రతి అయిదుగురిలో ఒకరికి ఇలాంటి చప్పుడులేని దెబ్బలు కనిపించాయి. వారిని కొన్నేళ్ళు గమనించి 2003లో వెల్లడించిన సంగతి ఇంకా గంభీరమైనది. ఆ దెబ్బలున్నవారికి తర్వాతి కాలంలో మతి తప్పే జబ్బు వచ్చే ప్రమాదం లేనివారికంటే రెండింతలు దాటింది. విల్లిస్ వలయం కూడా అందరిలో పుస్తకంలోని బొమ్మలా సంపూర్ణంగా ఉండదు. చాలామందిలో ఏదో ఒక ముక్క మరీ సన్నగానో, అసలు లేకుండానో ఉంటుంది. అలా పుట్టడం జబ్బు కాదు. వలయంలోని ఈ లోటుకూ మెదడులోని చప్పుడులేని నష్టానికీ సంబంధం కొన్ని పరిశీలనలలో కనిపించింది, మరికొన్నిటిలో కనిపించలేదు. పుట్టుకతో వచ్చిన దారులు మన చేతిలో లేవు. వాటి మీద పడే ఒత్తిడి మాత్రం చాలావరకు మన చేతిలో ఉంది. అమెరికాలో జరిగిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 2019లో వచ్చాయి. పై బీపీని 120 కంటే తక్కువకు దించే లక్ష్యంతో మందులు వాడినవారిలో, 140 లక్ష్యం పెట్టుకున్నవారికంటే, జ్ఞాపకశక్తి సన్నగిల్లడం తక్కువగా కనబడింది. మెదడు లోపలి మచ్చలు కూడా నెమ్మదిగా పెరిగాయి. అయితే ఎవరికి ఎంత వరకు దించాలన్నది డాక్టరు చెప్పాల్సిందే. ముసలివారికి మరీ దించేస్తే కళ్ళు తిరిగి పడతారు.

ఎమ్మారై కోసం ఊళ్ళో అందరూ పట్నం పరుగెత్తనక్కర్లేదు. చేతికి పట్టీ కట్టి బీపీ చూడడం ప్రతి సర్కారు దవాఖానాలో ఉన్న పనే. షుగరు చూసుకోవడం, బీడీ, గుట్కా మానడం, ఉప్పు, ఆచార్ తగ్గించడం కూడా ఆ లెక్కలోకే వస్తాయి. మన ఇళ్ళలో ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. తలనొప్పి లేదు, బాగానే ఉన్నాను కదా అని గోలీలు మానేస్తారు. బీపీ కూడా చప్పుడు చేయదు, అది చేసే గుంత కూడా చప్పుడు చేయదు. రంజాన్‌లో మరీ చూస్తాం, ఉపవాసం కదా అని నెలంతా మందు పక్కన పెట్టేస్తారు. చాలా మందులను ఇఫ్తార్ వేళకో సహరీ వేళకో మార్చుకోవచ్చు. షాబాన్ నెలలోనే ఒకసారి డాక్టరును అడిగితే సరిపోతుంది. వైద్యం చేయించుకోమని ప్రవక్త (స) బోధించిన సంగతి ఎరిగినవారం మనం.

ఇబ్నె నఫీస్ దగ్గరకు మళ్ళీ వద్దాం. హిజ్రీ 687, జుల్‌ఖైదా నెల. ఎనభై ఏళ్ళకు చేరువైన ఆయన జబ్బుపడ్డారు. తోటి వైద్యులు చుట్టూ చేరి కొంచెం మద్యం పుచ్చుకుంటే గుణం కనిపిస్తుందని సలహా ఇచ్చారు. ఆనాటి వైద్యంలో అది వాడుకలో ఉన్న మందే. ఆయన ఒప్పుకోలేదు. కడుపులో మద్యం పెట్టుకుని అల్లాహ్ ముందుకు వెళ్ళే ఉద్దేశం తనకు లేదని చెప్పారు. ఆరు రోజులు మంచం పట్టి, 21వ తేదీ శుక్రవారం ఉదయం కన్నుమూశారు. క్రీస్తు శకంలో అది 1288 డిసెంబరు 17.

భార్యాబిడ్డలు లేని ఆయన తన ఇంటినీ, పుస్తకాలన్నిటినీ సుల్తాను ఖలావూన్ నాలుగేళ్ళ క్రితమే కైరోలో కట్టించిన మన్సూరీ ఆసుపత్రికి రాసిచ్చారు. మూజజ్ దేశదేశాలు తిరిగి మన హకీముల చేతికి వచ్చింది. ఖానూన్ వ్యాఖ్యానం మాత్రం చేతిరాత ప్రతులలోనే ఉండిపోయింది. 1924లో ముహ్యుద్దీన్ తతావీ అనే ఈజిప్టు విద్యార్థి జర్మనీలో డాక్టరేటు కోసం పనిచేస్తూ బెర్లిన్ గ్రంథాలయంలోని ఒక ప్రతిని చదివారు. గుండె గోడకు రంధ్రాల్లేవన్న భాగం దగ్గర ఆగిపోయారు. ఆయన సిద్ధాంత వ్యాసం అచ్చు కూడా కాలేదు. దాని ప్రతి కైరోలో ఉంటున్న మాక్స్ మేయర్‌హాఫ్ అనే కంటి డాక్టరు చేతికి చేరింది. ఆయన రాసిన వ్యాసాల వల్లే ప్రపంచం ఇబ్నె నఫీస్ పేరు విన్నది. మన్సూరీ ఆసుపత్రి పాత గోడలు చాలావరకు కూలిపోయాయి. ఇరవయ్యో శతాబ్దంలో ఆ స్థలంలోనే ఒక కంటి ఆసుపత్రి కట్టారు.